ఐటీఐ ఫిట్టరా, నేరుగా మిల్లులో అప్రెంటిసా?

పది పాసైన కుర్రాడు రాజమండ్రి, కడియం వైపు పేపర్ మిల్లులో చేరాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, రెండేళ్ల ఐటీఐ ఫిట్టర్ కోర్సు. రెండోది, 1961 అప్రెంటిస్ చట్టం కింద ఫ్రెషర్‌గా మిల్లులోకే వెళ్లి పని నేర్చుకోవడం.

ఐటీఐలో ఆకురాయి పట్టడం, కొలతలు, డ్రాయింగ్ చదవడం గట్టిగా వస్తాయి. పేపర్ మెషీన్ మాత్రం కనబడదు. హెడ్‌బాక్స్ (గుజ్జును సమంగా పరిచే పెట్టె) నుంచి వైరు (కదిలే జల్లెడలాంటి పట్టీ) మీద పడే గుజ్జులో దాదాపు 99 శాతం నీళ్లేనంటే కొత్తవాళ్లు నమ్మరు. ఆ నీళ్లు వైరు కిందికి కారి, ప్రెస్సులో పిండుకుపోయి, ఆఖరికి ఆవిరితో కాగే డ్రయ్యర్ల మీద ఆరితేనే కాగితం. మధ్యలో షీటు తెగిందా, షిఫ్టంతా టెన్షనే. సన్నటి తోకలా అంచును కత్తిరించి మళ్లీ రోలర్లకు ఎక్కించాలి. రెండు రోలర్లు కలిసే చోటికి చెయ్యి పోనివ్వకూడదన్న జాగ్రత్త మెషీన్ పక్కన నిలబడితేనే ఒంటబడుతుంది.

పైగా అప్రెంటిస్‌కు స్టైపెండ్ వస్తుంది. కానీ గడువయ్యాక మిల్లు ఉద్యోగం ఇచ్చితీరాలని లేదు. అప్పుడు ఫిట్టర్ సర్టిఫికెట్ ఉన్నవాడు భీమవరం రొయ్యల ప్లాంటుకో, కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీకో దరఖాస్తు పెట్టుకోగలడు.

నన్నడిగితే ఫిట్టర్ పూర్తిచేసి, ఆపైన మిల్లులో అప్రెంటిస్ చేయడం మేలు. ఇల్లు గడవనివాళ్లు మిల్లుకే వెళ్లొచ్చు. అయితే చేరేముందు ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైందో లేదో చూసుకోండి. నమోదు కాకపోతే చివర్లో సర్టిఫికెట్ రాదు.