బురదలో ఐదు చలికాలాలు: నా 60 రెట్ల జూమ్ కెమెరా సంగతులు

కాకినాడ దగ్గర కుంభాభిషేకం రేవు బురద మేటల మీద ఈ కెమెరా మెడలో వేసుకుని ఐదు చలికాలాలు తిరిగాను. లెన్సు మార్చే పని లేని బ్రిడ్జ్ కెమెరా, 60 రెట్ల జూమ్. ఏ కంపెనీదో చెప్పను, ఈ రకం కెమెరాలన్నిటి గుణం దాదాపు ఒకటే. గోడకు తగిలించుకునే ఫొటోలు కావాలంటే దీని జోలికి పోకండి. నేను కొన్నది పిట్ట పేరు తేల్చుకోవడానికి.

అక్టోబరు నుంచి మార్చి దాకా ఇక్కడ దిగే ఉల్లంకుల్లో (బురద మేటల మీద మేసే వలస పిట్టలు) ఎక్కువ భాగం రంగులు ఎక్కడో సైబీరియాలోనో టిబెట్‌లోనో వదిలేసి వస్తాయి. అన్నీ బూడిద రంగే, అన్నీ తెల్లపొట్టే. దగ్గరికి వెళ్దామంటే మోకాలి దాకా దిగబడుతుంది. అందుకే ఇంత జూమ్ తీసుకున్నాను.

అయితే మొదటి రెండు నెలలు ఒక్క ఫొటో కూడా సరిగా రాలేదు. ముక్కు అంచు చెదిరిపోయి, పిట్ట నీళ్లలో మునిగినట్టు కనిపించేది. లెన్సు పాడైందని టెన్షన్ పడి రిపేరు షాపుకి పట్టుకెళ్తే, బాగానే ఉందని తిరిగిచ్చేశారు. తప్పు గాలిదట! ఎండెక్కాక బురద మీద గాలి ఉడుకుతుంది. తొమ్మిది దాటితే వంద మీటర్ల దూరాన ఎంత జూమ్ చేసినా ఆ ఉడుకే పెద్దదై కనిపిస్తుంది. తెల్లారి ఆరున్నరకు సగం జూమ్‌లో తీసిన ఫొటో, పదకొండింటికి పూర్తి జూమ్‌లో తీసినదానికంటే ఎన్నో రెట్లు నయం.

రెండో పాఠం మా పడవ బాబాయ్ చెప్పాడు. "మీరు ఆటి దగ్గరికి ఎల్లకండి బాబూ. పోటు తిరిగిందండి, అరగంటాగితే అయ్యే ఇటొచ్చేత్తాయండి." అంతే. పోటు ఎక్కేకొద్దీ మేట కుదించుకుపోయి, పిట్టలన్నీ మిగిలిన కాస్త గట్టు మీదికి చేరతాయి. నీరు తీసే పాటు మొదలయ్యాక మళ్లీ చెదిరిపోతాయి. పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, తెల్లవారి వెలుతురూ పోటూ కలిసొచ్చే రోజులు నెలలో కొన్నే. ఆ రోజులకే సెలవు పెట్టుకుంటాను. ఖాళీ ఎరువుల సంచి పరుచుకుని దాని మీద కూర్చోవడం, వీలైతే బోర్లా పడుకోవడం. అంత కిందనుంచి తీస్తేనే కాళ్ల పొడవు తెలుస్తుంది.

కాళ్ల రంగును మాత్రం నమ్మకండి. మొదటి ఏడాది ఒక బుల్లి పిట్ట కాళ్లు లేతరంగులో కనబడితే టెమ్మింక్స్ స్టింట్ అని రాసేసుకున్నాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే నల్లకాళ్ల మీద ఎండిన బురద. మామూలు లిటిల్ స్టింటే! అప్పటినుంచి పిట్టకి పది పన్నెండు ఫొటోలు తీస్తున్నాను, అందులో ఒక్కటైనా ఎగిరేది ఉండేలా చూసుకుంటాను. రెడ్‌షాంక్ రెక్క వెనక అంచున తెల్లపట్టీ, కర్ల్యూ శాండ్‌పైపర్ నడుం మీద తెలుపు, డన్లిన్‌కి అదే చోట మధ్యలో నల్లచార, ఇవన్నీ లేచిన ఆ ఒక్క క్షణంలోనే కనిపిస్తాయి. శాండ్ ప్లోవర్ల విషయంలో ముక్కు పొడవును, ముక్కు మొదలు నుంచి కంటి వెనక అంచు దాకా ఉన్న దూరంతో పోల్చి చూస్తాను. ముక్కు అంతకంటే పొడవుంటే గ్రేటర్ శాండ్ ప్లోవర్, లేకపోతే లెస్సర్. లెస్సర్‌ను ఇప్పుడు సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడగొట్టారు. చలికాలపు ఈకల్లో వాటిని నా ఫొటోలతో తేల్చలేను, తేల్చానని రాసుకోను కూడా.

ఈ కెమెరా డబ్బులు గిట్టిన రోజు గ్రేట్ నాట్ దొరికిన రోజే. రొమ్ము మీద చుక్కలు, కొసన కాస్త వంగిన పొడుగు ముక్కు, ఎగిరినప్పుడు తెల్లటి నడుం, మూడూ మూడు వేరు ఫొటోల్లో వచ్చాయి. దక్షిణ కొరియాలో సెమాంగమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడ 2006లో పూర్తయ్యాక, దారిలో ఆగి మేసే మేటలు పోయి బాగా తగ్గిపోయిన పిట్ట ఇది. ఆ ఫొటోలు ఏ పోటీకీ పనికిరావు, మసకగానే ఉంటాయి. అయినా పేరు విషయంలో ఎవరూ కాదనలేదు.

ఇక విసిగించేవి. ఆటో ఫోకస్ పిట్టని వదిలేసి తడి బురద మెరుపు మీదికి పోతుంది. ఫోకస్‌కి మధ్యలో ఒకే చిన్న చదరం పెట్టుకుంటే కొంత నయం. ఏడు ఫొటోలు గబగబా తీశాక కార్డులోకి ఎక్కేదాకా కొన్ని సెకన్లు మొద్దులా నిలబడిపోతుంది, సరిగ్గా అప్పుడే గుంపు లేస్తుంది. సెన్సర్ చిన్నది కాబట్టి ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచుకునే సెట్టింగు) 800 దాటితే ఈకల గీతలన్నీ ముద్దయిపోతాయి. నల్లటి బురద చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, తెల్లపొట్టలు మాడిపోతాయి. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7లో పెట్టి వదిలేశాను. ఎగిరే పిట్టకు షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గనివ్వను.

ఉప్పు గాలికి మూడో ఏడాది జూమ్ మీట బిగుసుకుపోయింది. తప్పు నాదే, ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడిచేవాణ్ణి కాదు. ఇప్పుడు తుడుస్తున్నాను గానీ, ఆ మీట ఇంకా 40 రెట్ల దగ్గర ఒకసారి ఆగి, గట్టిగా నొక్కితేనే ముందుకెళ్తుంది.