మెకాలేనా, మొమెంట్ ఏరియానా? బీమ్ వంపు లెక్కకు ఏది మేలు?

వంపు అంటే లోడ్‌కు బీమ్ (అడ్డదూలం) కిందికి ఎంత దిగిందన్నది. బీమ్ మొత్తానికి ఒకే సమీకరణం రాసి ఇంటిగ్రేట్ చేసి దాన్ని తీసేది మెకాలే పద్ధతి; మొమెంట్ (లోడ్ బీమ్‌ను వంచే ప్రభావం) డయాగ్రమ్ వైశాల్యంతో తీసేది మొమెంట్ ఏరియా. నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో సివిల్ చదివే పిల్లల్లో చాలామంది "మెకాలే ఒక్కటి వస్తే గట్టెక్కుతాం సార్" అంటారు. పరీక్ష వరకైతే సరే. సైటులో మాత్రం ఏ బీమ్, మనకు కావాల్సింది ఏమిటి అన్నదాన్ని బట్టి పద్ధతి మారాలి.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు అనుకుందాం. మోటారు పైకెత్తడానికి రెండు గోడల మీద 6 మీటర్ల ఐఎస్‌ఎంబీ 200 (200 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐ ఆకారపు స్టీల్ బీమ్) వేశారు. ఎడమ గోడ నుంచి 4 మీటర్ల దగ్గర 10 కిలోన్యూటన్లు, అంటే సుమారు టన్ను బరువు వేలాడుతోంది. దీనికి మెకాలేనే మేలు. ఎడమ రియాక్షన్ (గోడ పైకి నెట్టే బలం) 3.33 కిలోన్యూటన్లు. ఎడమ గోడ నుంచి దూరం ఎక్స్ అనుకుని, లోడ్ వాటాను (ఎక్స్ − 4) బ్రాకెట్‌లో పెట్టి, దాన్ని విప్పకుండానే రెండుసార్లు ఇంటిగ్రేట్ చేయాలి. గోడల దగ్గర వంపు సున్నా కాబట్టి స్థిరాంకాలు వాటంతటవే తేలతాయి. ఈ స్టీల్ బీమ్‌కు ఈఐ (వంగకుండా ఎదిరించే గట్టిదనం; ఈ పదార్థానిది, ఐ అడ్డకోత ఆకారానిది) సుమారు 4,470 కిలోన్యూటన్ చదరపు మీటర్లు తీసుకుంటే, బీమ్ సొంత బరువు వదిలేసి, లోడ్ కింద వంపు 8 మిల్లీమీటర్లు, నట్టనడుమ 8.6, అన్నిటికన్నా ఎక్కువ 8.7. ఆ 8.7 వచ్చేది ఎడమ నుంచి 3.27 మీటర్ల దగ్గర, లోడ్ కింద కాదు!

అందుకే ఇలా ఒకే లోడ్ ఉన్న బీమ్‌కు గరిష్ఠం ఎక్కడో వెతుక్కుంటూ కూర్చోను. నడుమ వంపు తీస్తే చాలు, తేడా మిల్లీమీటరులో పదో వంతు. ఇదే లెక్క మొమెంట్ ఏరియాతోనూ వస్తుంది. కానీ ముందు చివరి స్లోప్ (బీమ్ వాలు) తీయాలి, తర్వాత స్లోప్ సున్నా అయ్యే చోటు పట్టుకోవాలి, మళ్లీ వైశాల్యాలు వేయాలి. ఓపిక ఉన్నవాళ్లు చేసుకోవచ్చు.

కాంటిలివర్ (ఒక కొస గోడలో బిగించి, రెండో కొస గాల్లో ఉండే బీమ్) దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. గోడలో బిగించిన చోట స్లోప్, వంపు రెండూ సున్నా కాబట్టి స్థిరాంకాల గొడవే ఉండదు. బీమ్ పొడవు ఎల్, కొస మీద లోడ్ పీ ఉంటే మొమెంట్ డయాగ్రమ్ ఒక త్రిభుజం. దాని వైశాల్యాన్ని ఈఐతో భాగిస్తే కొస దగ్గర స్లోప్: పీఎల్²/2ఈఐ. దాన్ని కొస నుంచి సెంట్రాయిడ్ (త్రిభుజం కేంద్రబిందువు) దూరం 2ఎల్/3తో గుణిస్తే వంపు: పీఎల్³/3ఈఐ. రెండు లైన్లలో పని ఐపోయింది. గోడ దగ్గర మందం ఎక్కువ, కొసకు తక్కువ ఉన్నా దిగులు లేదు. ఎం/ఈఐ (మొమెంట్‌ను ఈఐతో భాగించిన) డయాగ్రమ్ ఆకారం మారుతుంది, అంతే. అక్కడ మెకాలేతో కుస్తీ పట్టడం దండగ.

మెకాలేలో పిల్లలు బోల్తా పడేది యూడీఎల్ (పొడవునా సమంగా పరుచుకున్న లోడ్) దగ్గర. లోడ్ మధ్యలో ఆగిపోతే దాన్ని బీమ్ చివరిదాకా పొడిగించి, అదనపు భాగానికి సమానంగా పైకి ఎదురు లోడ్ పెట్టాలి. అది మరిచిపోతే మార్కులు గోవిందా. కాంజుగేట్ బీమ్ (ఎం/ఈఐనే లోడ్‌గా పెట్టిన ఊహా బీమ్) అంటారా, అది మొమెంట్ ఏరియాకు అన్నదమ్ముల వరస. సపోర్టులు మార్చుకునే నియమాలు నోటికి వస్తే వాడండి.

ఇంటి బాల్కనీకి మాత్రం ఈ ఫార్ములాలను గుడ్డిగా నమ్మకూడదు. కాంక్రీటులో పగుళ్లు వచ్చాక ఐ తగ్గుతుంది, క్రీప్‌తో (ఆగని బరువుకు కాంక్రీటు మెల్లగా రూపు మారడంతో) ఏళ్ల తరబడి వంపు పెరుగుతూనే ఉంటుంది. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456:2000 ప్రకారం మొత్తం వంపు స్పాన్‌లో (పొడవులో) 250వ వంతు దాటకూడదు. 1.5 మీటర్ల బాల్కనీకి అది 6 మిల్లీమీటర్లే. అందుకే చిన్న స్లాబ్‌కు నేను ముందు చూసేది కాంటిలివర్‌కు అదే కోడ్ ఇచ్చిన స్పాన్-డెప్త్ (పొడవు-లోతు) నిష్పత్తి 7. ఆ తర్వాత, కాంక్రీటు పోసేటప్పుడు బాల్కనీని పట్టి ఉంచే పై కమ్మీలను తొక్కి కిందికి దించేశారా అన్నది.