గానుగ కొబ్బరి నూనె: ఏడో నెల దురద నుంచి పాప మొదటి వేసవి దాకా

కడుపు మీది చర్మం సాగేటప్పుడు పుట్టే దురద విషయంలో ఈ నూనె నాకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఏడో నెల రాగానే బొడ్డు చుట్టూ, పొత్తికడుపు పక్కల మొదలైన దురద సాయంత్రానికి బాగా ఎక్కువయ్యేది. గీరుకుంటే చర్మం ఎర్రబడి మంట పుట్టేదే గాని దురద మాత్రం తగ్గేది కాదు. అంతకు ముందు వాడిన లోషను వాసనకే కడుపులో తిప్పేది. మా అమ్మ విజయవాడలో చెక్క గానుగ దగ్గర దగ్గరుండి ఆడించి తెచ్చిన ఈ నూనెకు కొబ్బరి వాసన తప్ప వేరే వాసన లేదు. స్నానం చేసి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే కాస్త అరచేతిలో వేసుకుని కడుపంతా మెల్లగా రాసుకుంటే, ఆ రాత్రికి నిద్ర పట్టేది. కడుపుతో ఉన్నప్పుడు నిద్ర పట్టడం ఎంత గొప్ప సంగతో నెలలు మోసినవాళ్లకు చెప్పనక్కరలేదు.

తడి ఒంటికి రాయడంలోనే కిటుకంతా ఉంది. నూనె చర్మానికి నీటిని ఇవ్వదు, అప్పటికే ఉన్న తడిని ఆవిరి కానివ్వకుండా పట్టి ఉంచుతుంది. పొడి ఒంటికి రాసిన రోజుల్లో నాకు జిడ్డు మిగిలిందే గాని ఉపశమనం అంతగా కనిపించలేదు. ఇక చారల సంగతి. ఈ నూనె రాస్తే కడుపు మీద చారలు రావని అమ్మేవాళ్లూ చెప్పారు, ఇంట్లో పెద్దవాళ్లూ చెప్పారు. నాకు వచ్చాయి. మొదట ఊదా రంగులో ఉండి, కాన్పు తర్వాత నెలలు గడిచేకొద్దీ తెల్లబడ్డాయి. చారలు రావడంలో పుట్టుకతో వచ్చిన చర్మ స్వభావానికి, హార్మోన్లకు, చర్మం సాగే వేగానికి పాత్ర ఉంటుంది కాబట్టి పైపూతతో వాటిని ఆపగలమని అనుకోవద్దు.

ఈ నూనెకు లొంగని దురద ఒకటి ఉందని మా తోటికోడలి వల్ల తెలిసింది. ఆమెకు ఎనిమిదో నెల దాటాక అరచేతుల్లో, అరికాళ్లలో దురద మొదలైంది. ఒంటి మీద ఒక్క పొక్కు కూడా లేదు, రాత్రిళ్లు మాత్రం కునుకు పడనిచ్చేది కాదు. ఎంత నూనె రాసినా ఫలితం లేకపోవడంతో డాక్టరమ్మకు చెబితే, వెంటనే కాలేయ పరీక్షతో పాటు రక్తంలో పిత్త ఆమ్లాల (కాలేయంలో ఊరే పైత్యరసంలోని ఆమ్లాల) పరీక్ష కూడా చేయించారు. పైత్యరసం సరిగా పారకపోవడం వల్ల వచ్చే ఈ దురద తల్లికి కాన్పు తర్వాత పోతుంది గాని, పిత్త ఆమ్లాలు బాగా పెరిగితే కడుపులో బిడ్డకు ప్రమాదం. అందుకని అరచేతుల్లో, అరికాళ్లలో దురద వస్తే నూనె సీసా పక్కన పెట్టి ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

మా పాప జనవరిలో పుట్టింది. పుట్టిన రోజున స్నానం చేయించలేదు. ఒంటి మీద ఉన్న తెల్లటి జిడ్డును అలాగే ఉంచారు, ఆ రోజుకు పసి చర్మానికి అదే కాపు. బొడ్డు ఊడాక అమ్మ నూనె మొదలుపెట్టింది. కొబ్బరి నూనె 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది కాబట్టి పొద్దున్నే సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టేవాళ్లం. నీళ్లు పోయడానికి వచ్చే పెద్దమ్మ కాళ్లు చాపుకుని, పాపను వాటి మీద పడుకోబెట్టుకుని, తొడలకు, వీపుకు నూనె రాస్తుంటే పాప కళ్లు మూతలు పడేవి. చలికి పొట్టు లేచిన చీలమండలు కొద్ది రోజుల్లోనే నునుపు తేలాయి. ముక్కులో, చెవుల్లో చుక్క వేయడానికి మాత్రం మేము ఒప్పుకోలేదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉందని ఆసుపత్రిలో ముందే హెచ్చరించారు. నూగు పోవాలని సున్నిపిండితో రుద్దడమూ వద్దన్నాం, అది దానంతట అదే రాలిపోయింది.

అంత బాగా పనిచేసిన నూనె ఏప్రిల్ చివరికల్లా తిరగబడింది. ఎండలు ముదిరాయి, మా ఇంట్లో ఏసీ లేదు. శీతాకాలంలో స్నానానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రాసే పద్ధతే అప్పటికీ నడుస్తోంది. ముందు మెడ మడతల్లో, తర్వాత వీపు పైభాగాన, చంకల్లో ఆవగింజలంత ఎర్రటి పొక్కులు గుంపులుగా లేచాయి. పాప చిరాకు పడి ఏడ్చేది, ఎత్తుకుంటే మెడ నా చేతికి తగిలి మరీ ఏడ్చేది. పెద్దమ్మ చూసి, "ఒళ్లు వేడి చేసిందమ్మాయీ, ఇంకాస్త నూనె పట్టిస్తే చల్లబడుతుంది" అంది. పక్కింటావిడ పౌడరు చల్లమంది. మర్నాడు పిల్లల డాక్టరు మెడ మడత విప్పి చూస్తూనే, "ఏమ్మా, స్నానం అయ్యాక కూడా నూనె రాస్తున్నారా?" అని అడిగారు. పసిపిల్లల చెమట నాళాలు ఇంకా పూర్తిగా ఎదగవనీ, ఉక్కలో వాటి నోళ్లు మూసుకుపోతే చెమట చర్మం లోపలే చిక్కుకుని ఇలా చెమటకాయలు లేస్తాయనీ, పైన నూనె పొర ఉంటే అది మరింత సులువనీ విడమరిచి చెప్పారు. పౌడరు కూడా వద్దన్నారు. అది మడతల్లో చెమటతో కలిసి ముద్దకడుతుంది, పైగా ఆ పొడి పాప ఊపిరిలోకి పోతుంది.

ఆయన చెప్పిన వైద్యంలో కొత్తగా కొనే వస్తువు ఒక్కటీ లేదు. నూనె ఆపి, మామూలు నీళ్లతో స్నానం చేయించి, మడతలను పాత నేత చీర గుడ్డతో అద్దినట్టు తుడిచి, మధ్యాహ్నం పూట లంగోటా ఒక్కటి ఉంచి ఫ్యాను గాలి తగిలేలా పడుకోబెట్టాం. మూడు నాలుగు రోజుల్లో పొక్కులు మాడిపోయాయి. జూలైలో వానలు పడ్డాక మళ్లీ స్నానానికి ముందు మాత్రమే, మడతలు వదిలేసి నూనె రాయడం మొదలుపెట్టాం, ఆ తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు.

మాడు మీద పసుపుపచ్చగా కట్టిన పొలుసులకు కూడా దీన్నే వాడాం. మెత్తబడ్డాయి నిజమే. అయితే రాత్రంతా ఉంచితే ఎక్కువయ్యేవి, స్నానానికి కాసేపు ముందు రాసి, మెత్తటి బ్రష్షుతో దువ్వి, తలస్నానం చేయిస్తే తగ్గేవి. ఆ పొలుసుల దగ్గర పెరిగే ఒక రకం బూజుకు కొవ్వే ఆహారం కావడం అందుకు కారణమని తర్వాత తెలిసింది.

మా పాప నెలలు నిండి పుట్టింది, మా రెండు కుటుంబాల్లోనూ ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు), ఉబ్బసం ఉన్నవాళ్లు లేరు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు గాని, చర్మం పగిలి రసి కారే బిడ్డకు గాని నా మాట మీద ఈ నూనె రాయకండి, డాక్టరును అడిగి రాయండి. నా వరకు నేనైతే మళ్లీ కడుపుతో ఉంటే ఏడో నెలకు ఈ నూనె ఆడించుకుంటాను. పసిబిడ్డ కోసం మాత్రం కాన్పు ఏ నెలలో వస్తుందో చూసుకుని, చలికాలమైతే అర లీటరు, మార్చి దాటితే పావు లీటరు చాలనుకుంటాను.