ప్రెజర్ బౌండరీ కోడ్ కొనేవాళ్లు జాగ్రత్త

తిరుపతిలో ఒక ప్రాజెక్టు సెంటరు ఎంటెక్ పిల్లలకు కోడ్, రిపోర్టు, పీపీటీ కలిపి ఒక ప్యాకేజీ అంటగడుతోంది. రెండు పలకల మధ్య నీటి ప్రవాహం, రెండు కొసల్లోనూ ప్రెజరే బౌండరీ కండిషన్ (అంచుల్లో ముందే ఇచ్చే షరతు) అని రిపోర్టులో ఉంటుంది. కోడ్ తెరిస్తే ఆ పని జరగడమే లేదు. డబ్బు ఇవ్వకముందే వాళ్ల కంప్యూటర్ మీదే ఈ లెక్క వేయించండి.

పలకల మధ్య ఎడం 1 మి.మీ., పొడవు 100 మి.మీ., విస్కాసిటీ 0.001 పాస్కల్-సెకను, ప్రెజర్ తేడా 12 పాస్కల్. సగటు వేగం సెకనుకు 10 మి.మీ., నడిమధ్యన 15 రావాలి. వచ్చిందా? మురిసిపోకండి, 12ను 24 చేయమనండి. వేగం రెట్టింపు కావాలి. ఇందులో వీసమెత్తు కదలదు. ఇన్‌లెట్ దగ్గర వేగాల పారబోలాను (నడుమ ఎక్కువ, గోడల దగ్గర సున్నా) ముందే రాసిపెట్టేశారు మరి! ప్రెజర్ ఉన్నది రంగుల బొమ్మకే.

ప్రెజర్‌ను లెక్కగట్టే పాయిసన్ సమీకరణానికి అన్ని అంచుల్లోనూ ప్రెజర్ వాలు సున్నా పెట్టారు. అప్పుడు మాట్రిక్స్ సింగులర్ అవుతుంది, అంటే ఒకే జవాబంటూ తేలదు. అది బయటపడకుండా మూలనున్న ఒక సెల్‌లో సున్నా బిగించారు. గోడల దగ్గర వాలు సున్నా నడుస్తుంది గానీ, రెండు కొసల్లో ప్రెజర్ విలువే ఇవ్వాలి.

గట్టిగా నిలదీస్తే, ప్రవాహాల లెక్కలకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్ ఫైలు ఒకటి చేతిలో పెడతారు. అందులోని ఐకోఫోమ్ సాల్వర్‌లో ప్రెజర్ అంటే సాంద్రతతో భాగించిన ప్రెజర్. నీటికి 0.012 రాయాల్సిన చోట 12 కొట్టారు. వెయ్యింతలు! రెనాల్డ్స్ సంఖ్య (జడత్వానికీ విస్కాసిటీకీ నిష్పత్తి) 10 దగ్గర ఉండాల్సింది లామినార్ (పొరలు పొరలుగా సాగే ప్రవాహపు) సూత్రం ప్రకారమే 10,000కు ఎగబాకి లెక్క పేలిపోతుంది. పేలకుండా విస్కాసిటీ పెంచేశారు. అది ఇక నీళ్లు కాదు, ఆముదం.

అవుట్‌లెట్ కూడా చూడండి. తిన్నని కాలువలో ధారారేఖలు చివర బాకా మూతిలా విచ్చుకుంటే, అక్కడ వేగపు గ్రేడియంట్‌కు దాని ట్రాన్స్‌పోజ్‌నూ కలిపిన పూర్తి స్ట్రెస్ రూపాన్ని సున్నా చేశారన్నమాట. ట్రాన్స్‌పోజ్ లేని లాప్లాసియన్ రూపంతో పారబోలా వంకర లేకుండా బయటికి పోతుంది. 1996లో హేవుడ్, రానకర్, టురెక్ రాసిన పేపర్‌లో ఈ తేడా వివరంగా ఉంది.

‘పారబోలా అచ్చంగా సరిపోయింది, ఇదే వ్యాలిడేషన్’ అంటారు. గోడ మీద నోడ్ ఉంటే సెంట్రల్ డిఫరెన్స్‌కు పారబోలా నాలుగైదు నోడ్లతోనూ కచ్చితంగా వస్తుంది, స్కీము ఆర్డరు (గ్రిడ్ సన్నబడితే తప్పు ఎంత త్వరగా తగ్గుతుందో) దాంతో తేలదు. కచ్చితమైన జవాబు ముందే తెలిసిన టేలర్-గ్రీన్ సుడులకు మూడు గ్రిడ్ల ఫలితం అడగండి. సోర్స్ ఫైలు ఇవ్వం, ఎగ్జిక్యూటబుల్ మాత్రమే అంటే అడ్వాన్సు కూడా కట్టొద్దు. పెన్‌డ్రైవ్ చేతికొచ్చాక పైసా వాపసు ఇవ్వరు.