సోమశిల ఇంజిన్ పడవకు పాత లండన్ కోర్టు ప్రశ్నలు

సోమశిల పడవ మీద వచ్చే రివ్యూలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. పొద్దు గూకే వేళ బాగుంది, నల్లమల బాగుంది, చేపల పులుసు బాగుంది, ఐదు చుక్కలు. అవన్నీ నిజమే. అయితే ఆ మార్కులు కృష్ణమ్మకు పడుతున్నాయి, పడవకు వచ్చేసరికి రాసినవాళ్లు తక్కువ. పడవను తూచాలంటే వేరే తక్కెడ కావాలి. అది పదిహేడో శతాబ్దపు లండన్‌లో దొరుకుతుంది.

అప్పట్లో థేమ్స్ నది మీద లండన్ వంతెనకు దిగువన సరుకు ఓడలు కిక్కిరిసి ఉండేవి. న్యూకాజిల్ నుంచి బొగ్గు ఓడలు, తూర్పు దేశాలకు పోయే పెద్ద ఓడలు, వాటి సందుల్లో చిన్న పడవలు. రెండు ఓడలు గుద్దుకుంటే వ్యవహారం ఓడల తగాదాలు విచారించే అడ్మిరాల్టీ కోర్టుకు పోయేది. అక్కడ సాక్ష్యం కాగితం మీదే నడిచేది. ఇరుపక్షాల వకీళ్లు ప్రశ్నలు రాసిచ్చేవారు, గుమాస్తా నావికుణ్ని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నకూ జవాబు రాసుకునేవాడు. పేరు, ఊరు, వయసు, ఓడలో చేసే పని ముందు. ఆ తర్వాత అసలు సంగతి: గాలి ఎటునుంచి వీచింది, నీరు ఎగదన్నే పోటా, వెనక్కి దిగే పాటా, ఏ ఓడ లంగరేసి ఉంది, ఏది కదులుతోంది, చుక్కాని దగ్గర ఎవరున్నారు, కేకేశారా, కేకేస్తే ఎవరు విన్నారు, ఎక్కడ పగిలింది, బాగు చేయడానికి ఎంతవుతుంది. చివర్న ఎదుటి పక్షం ముల్లులాంటి ప్రశ్నలు: నీకు ఈ ఓడలో వాటా ఉందా, జీతం బాకీ ఉందా, ఎవరు గెలవాలని నీ కోరిక? సంతకం రానివాడు గుర్తు గీసేవాడు. ఆ కాగితాలు కట్టలు కట్టలుగా ఇంకా లండన్ శివారులోని క్యూలో, అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

గుద్దుకున్నాక అడిగిన ఆ ప్రశ్నలను ఎక్కకముందే అడిగితే అదే మంచి రివ్యూ అవుతుంది.

మొదట రేవు సంగతి క్లుప్తంగా. సోమశిల పాత పాలమూరులో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో, శ్రీశైలం జలాశయం ఒడ్డున ఉంది. ఎదురుగా సిద్ధేశ్వరం, ఆంధ్ర ఒడ్డు. రోడ్డున పోవాలంటే కర్నూలు చుట్టి రావాలి, అందుకే పడవ. ఇక్కడ ఎక్కేవి మూడు రకాలు: అవతలి ఒడ్డుకు మనుషుల్నీ బండ్లనూ చేరవేసే ఇంజిన్ పడవలు, చూడ్డానికి వచ్చినవాళ్లను ఓ చుట్టు తిప్పేవి, నీళ్లు నిండుగా ఉన్న కాలంలో శ్రీశైలం పోయే పెద్ద లాంచీ. ఈ రివ్యూ ముఖ్యంగా మొదటి రెంటి గురించి. లాంచీకి రేకుల కప్పు ఉంటుంది, దాన్ని నడిపే సరంగు గది ముందర ఎత్తులో ఉంటుంది, కళాసీలు వేరుగా ఉంటారు. దాని లెక్క వేరు.

చుక్కాని దగ్గరున్నవాడికి ముంగట కనిపిస్తోందా? కోర్టు ఇది పట్టుబట్టి అడగడానికి కారణం ఉంది. చక్రం తిప్పే చుక్కాని పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో గానీ వాడుకలోకి రాలేదు. అంతకుముందు పెద్ద ఓడల్లో చుక్కాని పట్టేవాడు పై తట్టు కింద నిలబడి ఒక నిలువు కర్రను అటూ ఇటూ నెట్టేవాడు. వాడికి ఎదర ఏమీ కనబడదు. పైనుంచి ఇంకొకడు అరిచి చెబితే ఇటో అటో తిప్పాలి. చూసేవాడి నోటికీ తిప్పేవాడి చేతికీ మధ్య పోయిన ఆ రెండు మూడు క్షణాల్లోనే బోలెడు గుద్దుళ్లు జరిగాయి.

మన ఇంజిన్ పడవలో కూడా చిక్కు అదే. నడిపేవాడు వెనక నిలబడి చుక్కాని కర్ర పడతాడు. డీజిల్ ఇంజిన్ వాడి కాళ్ల దగ్గరే కొట్టుకుంటూ ఉంటుంది, కాబట్టి ముందునుంచి ఎవరు అరిచినా వాడికి వినబడదు. మధ్యలో జనం, ముక్కు దగ్గర నిలబెట్టిన రెండు మూడు మోటర్ సైకిళ్లు, వాటి మీద మూటలు, ఆపైన సెల్ఫీ కోసం లేచిన కుర్రాళ్లు. రెండు పడవలు చెరో పది కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తే మధ్యలో వంద మీటర్ల దూరం పద్దెనిమిది సెకన్లలో కరిగిపోతుంది. పడవకు బ్రేకు ఉండదు. వెనక్కి గేరు ఉన్నా వేగం చచ్చేసరికి పడవ తన పొడవుకు కొన్ని రెట్లు ముందుకు పోతుంది, గేరు లేని ఇంజినైతే ఆపేసి దేవుణ్ని తలుచుకోవడమే. కాబట్టి ముక్కు దగ్గర కూర్చుని చేత్తో సైగ చేసే రెండో మనిషి ఉన్నాడా అన్నదే మొదటి మార్కు. ఉంటే నాలుగు పైసలు ఎక్కువడిగినా ఆ పడవే ఎక్కాలి. టికెట్ కోసే పిల్లవాణ్ని రెండో మనిషి కింద లెక్కపెట్టకండి, వాడి కళ్లు చిల్లర మీద ఉంటాయి.

ఎవరు ఎటు తిప్పారు? ఇక్కడ మన రోడ్డు అలవాటు కొంప ముంచుతుంది. రోడ్డు మీద మనది ఎడమ. నీళ్ల మీద లోకమంతా కుడి. ఎదురెదురుగా వచ్చే రెండు ఇంజిన్ పడవలు రెండూ కుడికే తిరిగి, ఒకదాని ఎడమ భుజం పక్కనుంచి ఇంకోదాని ఎడమ భుజం పోయేలా తప్పుకోవాలి. ఓడలు గుద్దుకోకుండా పెట్టిన 1972 అంతర్జాతీయ నియమాల్లోనూ ఇదే ఉంది, ఇంగ్లాండులో ఆవిరి ఓడలకు 1846 చట్టం నాటికే ఈ అలవాటు రాతకెక్కింది. అంతకుముందు తెరచాప ఓడల కాలంలో ఉన్నది ఆచారమే: లంగరేసిన ఓడను కదిలే ఓడ తప్పించాలి, గాలి అనుకూలంగా ఉన్నది గాలికి ఎదురీదేదానికి దారివ్వాలి. ఆ ఆచారాన్ని ఎవరు తప్పారో తేల్చడానికే గాలి ఎటునుంచి అని అన్నిసార్లు అడిగారు. పొద్దున ఆటో తోలి సాయంత్రం పడవ పట్టేవాడు కంగారులో ఎడమకు లాగుతాడు, నేర్చినవాడు కుడికి లాగుతాడు, ఇద్దరూ వచ్చి ఒకేచోట కలుస్తారు. నడిపే మనిషిని మర్యాదగా ఒక్క మాట అడగండి: “అన్నా, ఎదురుగ పడవొస్తే ఎటు తిప్పుతవ్?” తడుముకోకుండా “కుడికి” అంటే రెండో మార్కు. హారన్ భాష కూడా తెలిసుంటే ఇంకా మంచిది: ఒక చిన్న కూత కుడికి, రెండు ఎడమకు, మూడు వెనక్కి, ఐదు గబగబా వేస్తే నీ ఉద్దేశం నాకు అర్థం కావట్లేదని. చాలామంది హారన్‌ను పిల్లల సంబరానికే వాడతారు, అది పోనీయండి.

ఇంకో సంగతి. చుక్కాని తిప్పితే కారులా ముక్కు ఒక్కటే తిరగదు, వెనక భాగం అవతలి వైపుకు ఈడ్చుకుపోతుంది. ముక్కు తప్పినా తోక తగిలేది అందుకే. రేవులో వరసగా కట్టిన పడవల పక్కనుంచి బయల్దేరేటప్పుడు అంచు మీద చెయ్యి పెట్టి కూర్చుంటే వేళ్లు పోతాయి. చేతులు ఒళ్లో ఉండాలి.

నీటి కింద ఏముంది? యూరప్‌లో మధ్యయుగాల నుంచి చెల్లుబాటైన ఓలెరాన్ ఓడచట్టంలో ఒక ముచ్చటైన నిబంధన ఉంది: లోతు తక్కువ రేవులో లంగరేసినవాడు అది ఎక్కడుందో తెలిసేలా నీటి మీద తేలే గుర్తు కట్టాలి. కట్టకపోతే ఆ లంగరు మీద పడి పగిలిన ఓడ నష్టం వాడిదే. సోమశిల దగ్గర లంగర్ల బెడద లేదు, వలల బెడద ఉంది. పొద్దుగూకే ముందు జాలర్లు పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవల్లో వెళ్లి వల వేస్తారు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు తేలుతూ కనిపిస్తే కింద వల ఉన్నట్టే. డబ్బా కనబడని మసక వెలుతురులో వల పోయి నీటి కింద తిరిగే ఇంజిన్ ఫ్యాన్‌కు చుట్టుకుంటుంది, ఇంజిన్ గుడుక్కుమని ఆగుతుంది, ఆగిన పడవ గాలికి అడ్డంగా తిరుగుతుంది, అలలు పక్కనుంచి కొడతాయి. ఆ క్షణంలో జనం ఏమైందో చూద్దామని ఒకే పక్కకు లేస్తారు. చాలా ప్రమాదాల అసలు వరస ఇదే, గుద్దుడు కన్నా ఇదే ఎక్కువ భయపెట్టాలి. పడవలో ఒక కొడవలి, ఒక పొడవాటి గడ, రెండు తెడ్లు ఉన్నాయా చూడండి. వల కోయడానికి కొడవలి, ఇంజిన్ లేకుండా ముక్కును గాలికి ఎదురు తిప్పి నిలపడానికి తెడ్లు. ఇవి లేని పడవకు ఎంత మంచి సీట్లున్నా మార్కులు తీసేయాల్సిందే.

పుట్టికి ముందూ వెనకా ఉండదు. వెదురు బుట్ట, మీద ప్లాస్టిక్ పట్టా, తారు పూత. నీటి మీద నల్లగా, ఎత్తు లేకుండా ఉంటుంది, దీపం ఉండదు, ఒక్క తెడ్డుతో తప్పుకోవడం దాని చేతిలో పని కాదు. ఇంజిన్ ఉన్నదే తప్పించుకోవాలి, దూరం నుంచే వేగం కూడా తగ్గించాలి. పెద్ద పడవ లేపిన అల చాలు పుట్టిలోకి నీళ్లు రావడానికి. జాలర్ల పక్కనుంచి పోయేటప్పుడు ఇంజిన్ చప్పుడు తగ్గిందంటే ఆ నడిపేవాడికి నీళ్ల మర్యాద తెలుసు.

నీటిమట్టం సంగతి: జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఆగస్టు నుంచి వరద ఉన్న రోజుల్లో మొద్దులు కొట్టుకొస్తాయి, ప్రవాహం లాగుతుంది. అప్పుడు పడవలు ఆపితే అధికారులను తిట్టకండి. వానలు వెనకబట్టాక చలికాలం దాకా మంచి కాలం. ఎండాకాలంలో నీళ్లు దిగేకొద్దీ రేవు కూడా దిగిపోతుంది, బురదలో నడిచి పోయి ఎక్కాలి, చెప్పులు చేతిలో పట్టుకోవాలి. మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడేదీ అప్పుడే. ఆ గుడి చూడ్డానికి జనం ఎగబడతారు గానీ, శిఖరం ఇంకా నీటి చర్మం కింద ఉన్న వారాలు పడవకు గడ్డువి. అప్పుడు ఆ దారి కంటికి కాదు, జ్ఞాపకానికి తెలియాలి. స్థానికుడే నడుపుతున్నాడా అని అడగడం తప్పు కాదు.

బరువు గురించి మెత్తగా మాట్లాడకూడదు. 2007 జనవరిలో ఇదే నీళ్ల మీద మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు. ఒక మోటర్ సైకిల్ అంటే ఇద్దరు మనుషుల బరువు, పైగా అది కూర్చోదు, నిలబడే ఉంటుంది. బరువు పైకెక్కిన కొద్దీ పడవ తిరిగి నిలదొక్కుకునే బలం తగ్గుతుంది. అందరూ ఎక్కాక అంచు నుంచి నీటికి ఎంత దూరముందో కంటితో కొలవండి. జానెడు కన్నా తక్కువైతే టికెట్ డబ్బులు వదులుకుని దిగిపోవాలి. అడుగున నీళ్లు ఊరుతుంటే డబ్బాతో తోడుతున్నారా లేదా అన్నదీ చూడాలి, అడుగు నీళ్లు ఒకే పక్కకు పరుగెత్తితే అది కదిలే బరువు.

లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే ఉన్నట్టు లెక్క కాదు. ఒంటి మీద వేసుకుని, బకిళ్లన్నీ పెట్టి, భుజాల దగ్గర పక్కవాళ్లతో పైకి లాగించుకోండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది నీళ్లలో జారిపోతుంది. లోపలి ఫోమ్‌ను బొటనవేలితో నొక్కితే మళ్లీ ఉబ్బాలి, చపాతీలా అతుక్కుపోతే దాని ఆయుష్షు తీరినట్టే. పిల్లలకు పెద్దవాళ్ల సైజు ఇస్తే వద్దనండి. “ఏం కాదు మేడమ్, పావుగంటే” అన్న మాట వినబడితే అది రివ్యూలో రాయదగిన మాట.

కాగితాల దగ్గర ఓలెరాన్ చట్టం మరోసారి గుర్తుకొస్తుంది. లంగరేసి ఉన్న ఓడను వేరే ఓడ కావాలని కాకుండా గుద్దితే నష్టం ఇద్దరూ సగం సగం భరించాలని ఉంది. ఎందుకు సగం? పూర్తి నష్టం వస్తుందంటే పుచ్చిపోయిన పాత ఓడను కావాలనే దారికి అడ్డం పెడతారని, సగమే వస్తే ఎవడికి వాడు తప్పుకుంటాడని కారణం కూడా అందులోనే రాసిపెట్టారు. మనిషి బుద్ధి బాగా తెలిసినవాడే రాసి ఉంటాడు. మన దగ్గర 1917 నాటి లోతట్టు నావల చట్టం పోయి 2021 చట్టం వచ్చింది. ఇంజిన్ ఉన్న నావకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి, నడిపేవాడికి యోగ్యతా పత్రం ఉండాలి. పడవ మీద నంబరు, ఎక్కించగల మనుషుల సంఖ్య రాసి ఉన్నాయా అన్నది ఒడ్డు మీద నిలబడే చూడొచ్చు. రాసి లేకపోతే ఆ పడవను ఫొటో తీయడం వరకే ఉంచుకోండి.

మొత్తం మీద, ముందు మనిషి ఉండి, తెడ్లు ఉండి, జాకెట్లు ఒంటి మీదకు వచ్చిన పడవకు అయిదులో నాలుగు ఇవ్వొచ్చు. ఒక మార్కు ఇంజిన్ పొగకు, చెవుల పోటుకు పోతుంది. జాకెట్లు సీటు కింద ఉన్నదానికి ఒకటి, అది కూడా నల్లమల పుణ్యాన. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం దొరికింది. అది పూర్తయి జనం వాడేదాకా ఈ రేవే దారి. వెళ్లేవాళ్లు పొద్దున గాలి లేవకముందే అవతలికి దాటండి, తిరుగు పడవ ఎన్నింటికో దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి. దీపం లేని పడవ ఆరు దాటాక “ఆఖరు ట్రిప్పు” అని కేకేస్తే ఎక్కకండి.