సంయుక్త వాక్యం: ముందు పట్టికా, ముందు జంట వాక్యాలా?

సమాన ప్రాధాన్యం ఉన్న సామాన్య వాక్యాలు (ఒక్కో క్రియతో ముగిసే చిన్న వాక్యాలు) కలిస్తే సంయుక్త వాక్యం. చిన్న తరగతుల్లో దీన్ని రెండు విధాలుగా నేర్పవచ్చు. ‘కానీ, కాబట్టి, లేదా, మరియు’ అన్న పట్టికను నల్లబల్లపై రాసి ఖాళీలు పూరింపజేయడం మొదటిది. దిద్దడం తేలిక, అంతే.

రెండు సామాన్య వాక్యాలను చీటీలపై ఇచ్చి నోటితో కలపమనడం రెండవది. ‘మెహిదీపట్నంలో వాన కురిసింది’, ‘బస్సు సమయానికి రాలేదు’ అన్నవాటిని ‘కాబట్టి’తో కలిపిన పిల్లవాడికే, రెండో చీటీని ‘బస్సు సమయానికే వచ్చింది’ అని మార్చి ఇస్తే, ‘కానీ’ ఎందుకు కావాలో విడిగా చెప్పనక్కరలేదు.

అసలు తేడా ‘మరియు’ దగ్గర బయటపడుతుంది. ‘సీత గోల్కొండ చూసింది’, ‘రాధ గోల్కొండ చూసింది’ అన్న వాక్యాలను పట్టిక చూసి కలిపేవారు ‘సీత మరియు రాధ’ అని రాస్తారు (ఇంగ్లీషు మీడియం పిల్లలకు ‘అండ్’ అలవాటు మరి). నోటితో కలిపేవారు ‘సీతా రాధా గోల్కొండ చూశారు’ అంటారు. చివరి అచ్చు దీర్ఘమవడం, క్రియ బహువచనంలోకి మారడం వారికి ఇంటి మాటలోనే ఉన్నాయి.

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. ‘సీత కోటకు వెళ్ళింది’, ‘బొమ్మ గీసింది’ అని ఇస్తే పిల్లలు సహజంగానే ‘సీత కోటకు వెళ్ళి బొమ్మ గీసింది’ అంటారు. అది తప్పు కాదు గానీ, ‘వెళ్ళి’ దగ్గర అర్థం పూర్తికాక తర్వాతి క్రియపై ఆధారపడుతుంది కాబట్టి సంయుక్త వాక్యం కాదు, సంక్లిష్ట వాక్యం. ‘వెళ్ళి’ లాంటి అసమాపక క్రియకు (అర్థం పూర్తికాని క్రియకు) అవకాశమిచ్చే ఇలాంటి జంటలను మొదటి వారం పక్కన పెట్టడమే మేలు.