రేడియేటర్ డ్రెయిన్ ప్లగ్ కారుతోంది: రింగా, కొత్త ప్లగ్గా, ఎం-సీలా, ఏది మేలు?

పాత పికప్ బండి రేడియేటర్ కింద, నీళ్లు దించడానికి ఉండే డ్రెయిన్ ప్లగ్ దగ్గర చుక్కలు పడుతున్నాయని చెబితే చాలు, తలా ఒక మందు చెబుతారు. ఇంకాస్త బిగించమంటారు ఒకరు. రబ్బరు రింగు మార్చమంటారు ఇంకొకరు. ఇత్తడి ప్లగ్ వెయ్యమనేవాళ్లు, ఎం-సీల్ పెట్టి మూసెయ్యమనేవాళ్లు, నీళ్లలో పసుపు కలపమనేవాళ్లు ఉండనే ఉన్నారు. ఇవన్నీ ఎప్పుడో ఎవరి బండికో పనిచేసినవే. మన బండికి ఏది పనికొస్తుందో తేలాలంటే, పాడైంది రింగా, ప్లగ్గా, ఆ ప్లగ్ బిగించే రేడియేటర్ ట్యాంకా అన్నది ముందు తెలియాలి.

అంతకంటే ముందు, కారుతున్నది ప్లగ్ దగ్గరేనా? ప్లగ్ అన్నిటికంటే కింద ఉంటుంది కాబట్టి పైన ఎక్కడ లీకైనా నీళ్లు జారి దాని కొసకే చేరతాయి. కింది హోస్ క్లిప్పు వదులైనా, ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోర్‌ని (సన్నటి ట్యూబులు, రెక్కలు ఉండే మధ్య భాగాన్ని) పట్టుకునే అంచు దగ్గర గ్యాస్కెట్ పోయినా నింద ప్లగ్ మీదే పడుతుంది. బండి పూర్తిగా చల్లారాక ఆ చుట్టుపక్కలంతా పొడిగా తుడిచి, ప్లగ్‌కి కాస్త పైన టిష్యూ కాగితం చుట్టి, ఇంజిన్ ఆన్ చేసి వేడెక్కనివ్వండి. ఫ్యాన్ తిరుగుతుంటుంది, చెయ్యి దూరంగా పెట్టండి. కాగితం తడిస్తే నీళ్లు పైనుంచి వస్తున్నట్టు. కాగితం పొడిగా ఉండి, కింద చుక్క పడితే అది ప్లగ్ పనే.

బిగించడం ఖర్చు లేని పని, అందుకే అందరూ ముందు అదే చేస్తారు. ప్లగ్ నిజంగానే వదులై ఉంటే చేత్తో ఒక చిన్న తిప్పుతో ఆగిపోతుంది. ఆగకపోతే అక్కడితో వదిలెయ్యాలి. కటింగ్ ప్లేయర్ తెచ్చి ఇంకా తిప్పితే, ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్ ప్లగ్ తల విరిగి చేతికొస్తుంది, లేదా ట్యాంకు మరలే పగులుతాయి. చిన్న ఖర్చుతో పోయేది ట్యాంకు మార్చేదాకా వస్తుంది.

ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న చాలా రేడియేటర్లలో నీళ్లని ఆపేది మరలు కాదు, ప్లగ్‌కి ఉన్న రబ్బరు రింగు. మరలు ఆ రింగుని దాని చోట అదిమి ఉంచుతాయంతే. వేడికీ చలికీ ఏళ్లు గడిచేసరికి రింగు గట్టిపడి చదునైపోతుంది. అప్పుడు ఒక వింత కనిపిస్తుంది: రాత్రంతా చల్లగా ఉన్నప్పుడు చుక్కలు పడతాయి, ఇంజిన్ వేడెక్కగానే ఆగిపోతాయి. బండి చల్లారినప్పుడు అన్నీ కాస్త ముడుచుకుంటాయి, బిగుసుకుపోయిన రబ్బరు ఆ సందుని నింపలేదు. ఈ లక్షణం ఉంటే నా ఓటు కళ్లు మూసుకుని కొత్త రింగుకే. ఖర్చు ఒకటి రెండు టీలంత.

అయితే ఏదో ఒక నల్ల రింగు తెచ్చి వేస్తే కాదు. కూలెంట్‌కి, అంటే ఇంజిన్‌ని చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవానికి, ఈపీడీఎం అనే రకం రబ్బరు సరిపోతుంది. ఆ రబ్బరుకి పెట్రోలియం గ్రీజు పడదు, ఉబ్బిపోతుంది. రాయాలనుకుంటే సిలికాన్ గ్రీజు కొంచెం రాయండి, లేదా కూలెంట్‌తోనే తడిపి ఎక్కించండి. పాత రింగుని షాపుకి తీసుకెళ్లినా కొలత దాన్ని చూసి తీసుకోకండి, అది నలిగి ఆకారం మారిపోయి ఉంటుంది. ప్లగ్ గాడిని చూపించి తీసుకోవడం మేలు. ఇంకో సంగతి, రింగు కూర్చునే చోటు. బోరు నీళ్లు పోసిన బండ్లలో అక్కడ సున్నంలా తెల్లటి పొర గట్టిపడి ఉంటుంది. దాన్ని గుడ్డతో, పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చెయ్యకుండా కొత్త రింగు వేస్తే అదీ కారుతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే గీతలు పడతాయి, ఆ గీతల్లోంచి మళ్లీ లీకు.

ప్లగ్ మరలు అరిగినా, తల చీలినా రింగుతో పాటు కొత్త ప్లగ్ వేసుకోవాల్సిందే. ప్లాస్టిక్‌దా, ఇత్తడిదా? ఇత్తడి గట్టిగా ఉంటుందని చాలామందికి మోజు. ప్లాస్టిక్ ట్యాంకులో మాత్రం ఆ గట్టితనమే చిక్కు. బిగింపు ఎక్కువైతే ఇత్తడికి ఏమీ కాదు, ట్యాంకు మరలు పోతాయి. ప్లాస్టిక్ ప్లగ్ అయితే ముందు తానే విరుగుతుంది, ట్యాంకు బతుకుతుంది. కాబట్టి ప్లాస్టిక్ ట్యాంకుకి ప్లాస్టిక్ ప్లగ్గే వేస్తాను. పాత రాగి-ఇత్తడి రేడియేటర్‌కి ఇత్తడిదే సరి. అక్కడ మర మొన వైపు సన్నబడే రకం అయితే టెఫ్లాన్ టేపు బాగా పనిచేస్తుంది. రింగుతో ఆగే ప్లగ్‌కి టేపు చుట్టడం దండగ. టేపు మందానికి మర బిర్రై ట్యాంకు మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది.

ఎం-సీల్‌ని అందరూ తిట్టిపోస్తారు గానీ, నేను పూర్తిగా కొట్టిపారెయ్యను. డ్రెయిన్ ప్లగ్ లేకపోయినా బండి నడుస్తుంది, కూలెంట్ మార్చాలంటే కింది హోస్ ఊడదీసి దించుకోవచ్చు. హోస్ కంటే కిందున్న బురద మాత్రం ట్యాంకులోనే ఉండిపోతుంది. అసలు ఇబ్బంది పట్టులో ఉంది. తడి, జిడ్డు ఉన్న ప్లాస్టిక్‌కి అది సరిగా అంటుకోదు. పైగా వేడి, అదురు, లోపలి ప్రెషర్ దాన్ని రోజూ కదిలిస్తూనే ఉంటాయి. ట్యాంకుని పూర్తిగా ఆరబెట్టి గరుకు చేసి పెడితే కొన్నాళ్లు ఆగొచ్చు. కారుతున్న ప్లగ్ మీద అలాగే మెత్తితే ఎంతోసేపు నిలవదు.

పసుపు, స్టాప్-లీక్ పొడుల సంగతికొస్తే, అవి కోర్‌లో సూదిమొన రంధ్రానికి అడ్డుపడగలవు. రింగు సందు అలాంటిది కాదు. అదే పొడి సన్నటి ట్యూబుల్లో, హీటర్‌లో పేరుకుపోయి బండి హీటెక్కడం మొదలవుతుంది. దారి మధ్యలో లీకు పెరిగితే పసుపు కంటే నీళ్ల క్యాన్ నయం. కొందరు డ్రైవర్లు ప్రెషర్ తగ్గితే లీకూ తగ్గుతుందని రేడియేటర్ మూత వదులు చేస్తారు. 0.9 బార్ ప్రెషర్ పట్టి ఉంచే మూత బిగించి ఉంటే నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు, వదులు చేస్తే 100కే మరుగుతాయి. లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కే బండికి ఆ తేడా చాలా పెద్దది.

ట్యాంకు మరలే పగిలి ఉంటే ఇంకేదీ ఎక్కువ కాలం నిలవదు. రాగి-ఇత్తడిదైతే రేడియేటర్ షాపులో టంకం వేసి కొత్త ముక్క పెట్టిస్తారు. ప్లాస్టిక్ ట్యాంకు ఒక్కటే మార్చేవాళ్లూ ఉన్నారు. కోర్ రెక్కలు కూడా తుప్పు పట్టి రాలిపోతుంటే ఆ డబ్బుకి ఇంకొంత కలిపి కొత్త రేడియేటర్ వేయించుకోవడం మేలు.

ఏది చేసినా దించిన కూలెంట్‌ని టబ్బులో పట్టండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. కొత్త కూలెంట్ గాఢంగా ఉండేదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోసి, హీటర్ ఉంటే వేడి వైపు పెట్టి, మూత తీసి ఇంజిన్ నడపండి. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకుని బుడగలు రావడం ఆగాక, తగ్గినంత నింపి మూత బిగించండి. ఆ రాత్రి బండి కింద పాత పేపర్ పరిచి ఉంచండి, మర్నాడు స్టార్ట్ చెయ్యకముందే చూడండి.